రేఖీయ ప్రమేయం: గీత కంటే ముందు తేడాలను చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చాలా ఏళ్ల విరామం తర్వాత మళ్లీ గణితం చదువుతున్నారు. వై = ఎమ్ఎక్స్ + సి అనే సూత్రం నోటికి వచ్చు. రెండు బిందువులు ఇస్తే గీత గీయగలరు, వాలు కట్టగలరు. కానీ మాటల్లో ఇచ్చిన లెక్క ఎదురైతే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. అది చాలదన్నట్టు ఒక పుస్తకం 3ఎక్స్ + 2 ను రేఖీయ ప్రమేయం అంటోంది, పై చదువుల పుస్తకం ఒకటి అది రేఖీయం కానే కాదంటోంది. ఎవరిని నమ్మాలి అని అడిగారు.

ఇద్దరినీ నమ్మండి. ఆ తగవు సంగతి తర్వాత చెబుతాను. మీ మొదటి ఇబ్బంది తీరితే రెండోది సగం దానంతట అదే విడిపోతుంది. మీకు సూత్రం తెలియకపోవడం అసలు సమస్య కాదు. సూత్రం ముందు వచ్చేసింది, అది దేని గురించి మాట్లాడుతోందో ఎవరూ చెప్పలేదు. మనలో చాలామందికి ఈ పాఠం అలా తలకిందులుగానే వచ్చింది. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే చెప్పాను, కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టండి. గీతను కూడా. ఒక కాగితం మీద ఎక్స్ విలువలు 0, 1, 2, 3, 4 అని రాసి, వాటి కింద వై విలువలు 2, 5, 8, 11, 14 అని రాయండి. పై వరుసలో ఒక అడుగు వేసిన ప్రతిసారీ కింది వరుస మూడు పెరుగుతోంది. 3 నుంచి 4 కు వెళ్లినా మూడే, 3000 నుంచి 3001 కి వెళ్లినా మూడే. తాను ఎక్కడ ఉన్నదీ ఈ ప్రమేయానికి పట్టదు, ఎంత జరిగిందన్నదే పట్టింపు. రేఖీయ ప్రమేయం అంటే ఇంతే. సరళరేఖ దాని బొమ్మ, ఎమ్ఎక్స్ + సి దాని రాత. బొమ్మా రాతా రెండూ ఈ ఒక్క గుణం నుంచే పుట్టుకొచ్చాయి.

అంకశ్రేఢి చదివిన గుర్తుంటే ఈ 2, 5, 8, 11, 14 మీకు పాత పరిచయమే. పదాంతరం 3. తేడా ఒక్కటే. శ్రేఢిలో మెట్ల మీద మాత్రమే నిలబడగలం. ఇక్కడ మెట్ల మధ్యలో కూడా నిలబడవచ్చు. ఎక్స్ 1.5 అయితే వై 6.5, అంటే 5 కూ 8 కీ సరిగ్గా నడుమ.

ఇప్పుడు నేను ప్రతి ఏడూ తరగతిలో వేసే ఒక చిన్న ఉచ్చు. బల్ల మీద ఎఫ్(ఎక్స్) = 3ఎక్స్ + 2 అని రాస్తాను. ఎఫ్(5) ఎంత అంటే 17 అని సరిగ్గానే చెబుతారు. వెంటనే, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా, ఎఫ్(10) ఎంత అంటాను. చాలామంది నోట 34 వచ్చేస్తుంది. సూత్రం కళ్లెదుటే ఉంది, 10 వేసి చూస్తే 32 వస్తుంది, అయినా 34 అంటారు. ఎక్స్ రెట్టింపైంది కదా, వై కూడా రెట్టింపు కావాలి అని చెయ్యి దానంతట అదే లెక్క కట్టేస్తుంది. ఎక్కువైన ఆ 2 ఎక్కడిదో వెతకండి. 17 ను రెట్టింపు చేసినప్పుడు అందులో ఉన్న స్థిరపదం 2 కూడా రెట్టింపైపోయింది. అది ఒక్కసారే రావాల్సింది, రెండుసార్లు వచ్చింది.

ఇది అజ్ఞానం కాదు, ఒక మంచి అలవాటును తప్పు చోట వాడటం. ఆ అలవాటు పేరు త్రైరాశికం. ఇంతకు ఇంతైతే, అంతకు ఎంత? చాలా పాత విద్య ఇది. 499 నాటి ఆర్యభటీయంలోనే దీనికి శ్లోకం ఉంది. ఫలాన్ని (ముందే తెలిసిన ఫలితాన్ని) ఇచ్ఛతో (మనకు కావలసిన రాశితో) గుణించి ప్రమాణంతో (ఆ ఫలితాన్ని ఇచ్చిన రాశితో) భాగించమంటాడు ఆర్యభటుడు. వై నేరుగా ఎక్స్‌కు అనులోమానుపాతంలో ఉన్నప్పుడు, అంటే స్థిరపదం సున్నా అయినప్పుడు, ఈ నియమం విలువల మీదే పనిచేస్తుంది. స్థిరపదం వచ్చి చేరగానే విలువల మీద పనిచేయడం మానేస్తుంది. కానీ తేడాల మీద మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తూనే ఉంటుంది.

ఈ ఒక్క మాట దగ్గర కాస్త ఆగండి. ఎక్స్ 5 నుంచి 10 కి వెళ్లింది, అంటే 5 జరిగింది. ఒకటి జరిగితే మూడు చొప్పున, ఐదు జరిగితే పదిహేను. 17 కు 15 కలిపితే 32. ఇందులో చేసింది త్రైరాశికమే, కాకపోతే 5, 17 అనే విలువల మీద చేయకుండా వాటి నుంచి జరిగిన దూరం మీద చేశాం. నా అనుభవంలో ఈ అధ్యాయంలో విద్యార్థులు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్ల వచ్చేవే.

సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కు మార్చే సూత్రం దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ. నీరు గడ్డకట్టేది సెల్సియస్‌లో 0 దగ్గర, ఫారెన్‌హీట్‌లో 32 దగ్గర. మరిగేది 100 దగ్గర, 212 దగ్గర. ఇటువైపు వంద మెట్లు ఎక్కితే అటువైపు 180 ఎక్కాం, కాబట్టి ఒక్క మెట్టుకు 1.8. అందుకే ఎఫ్ = 1.8సి + 32 (ఇక్కడ ఎఫ్ అంటే ఫారెన్‌హీట్, సి అంటే సెల్సియస్). ఈ సూత్రాన్ని ఎవరూ బట్టీ పట్టనక్కర్లేదు, నీటికి సంబంధించిన ఆ రెండు జతలు గుర్తుంటే చాలు, అర నిమిషంలో మళ్లీ కట్టుకోవచ్చు.

ఇప్పుడు 20 డిగ్రీల సెల్సియస్ అంటే 68 ఫారెన్‌హీట్. 40 సెల్సియస్ అంటే 104, అంతేగాని 136 కాదు. సెల్సియస్‌లో ‘రెట్టింపు వేడి’ అనే మాటకు అర్థమే లేదని దీంతో తేలిపోయింది, ఎందుకంటే కొలబద్ద మార్చగానే ఆ రెట్టింపు మాయమైంది. తేడాలు అలా మాయం కావు. ఉష్ణోగ్రత 2 సెల్సియస్ డిగ్రీలు పెరిగిందంటే ఫారెన్‌హీట్‌లో 3.6 డిగ్రీలు పెరిగినట్టు. చూసుకోకుండా సూత్రంలో 2 వేసేస్తే 35.6 వస్తుంది. అది 2 డిగ్రీల ‘పెరుగుదల’కు సమానం కాదు, 2 డిగ్రీల దగ్గర ఉన్న ‘స్థితి’కి సమానం. పెరుగుదలను మార్చేటప్పుడు 32 తో పనిలేదు, 1.8 చాలు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ కాలు జారుతుంటారు. (సరదాకు ఇంకొకటి. రెండు కొలబద్దలూ ఒకే అంకె చూపించే చోటు ఉందా? సి = 1.8సి + 32 అని రాసి సాధించండి, మైనస్ 40 వస్తుంది.)

నీటి లోతు, పీడనం కూడా ఇలాంటి జంటే. సముద్ర ఉపరితలం మీద గాలి పీడనం సుమారు 1 అట్మాస్ఫియర్. లోపలికి ప్రతి 10 మీటర్లకూ సుమారు ఇంకో అట్మాస్ఫియర్ కలుస్తుంది. అంటే 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4. ఉపరితలం నుంచి మొదటి పది మీటర్లలోనే పీడనం రెట్టింపైంది. అది మళ్లీ రెట్టింపు కావాలంటే ఇంకో ఇరవై మీటర్లు దిగాలి. నిష్పత్తులను చూసేవాడికి ఇది గజిబిజిగా ఉంటుంది. తేడాలను చూసేవాడికి పదికి ఒకటి, పదికి ఒకటి, అంతే.

ఇక పట్టికల దగ్గరకు వద్దాం. ‘వై తేడాలు సమానంగా ఉంటే రేఖీయం’ అని చాలామంది చెబుతారు. నేను కూడా పైన దాదాపు అలాగే చెప్పాను. కానీ ఒక షరతు ఉంది, పరీక్షలు పెట్టేవాళ్లు దాని మీదే దెబ్బ తీస్తారు. ఎక్స్ 1, 2, 4, 7 అయినప్పుడు వై 5, 8, 14, 23 అనుకోండి. వై తేడాలు 3, 6, 9. సమానంగా లేవు కాబట్టి రేఖీయం కాదని పెన్ను పక్కన పెట్టేస్తారు. కానీ ఎక్స్ కూడా సమానంగా నడవలేదు కదా! అది 1, 2, 3 చొప్పున అడుగులు వేసింది. మూడుకు ఒకటి, ఆరుకు రెండు, తొమ్మిదికి మూడు. ప్రతిచోటా భాగహారం 3 వస్తోంది, కాబట్టి ఇది మన 3ఎక్స్ + 2 తప్ప వేరే ఏమీ కాదు. దీనికి ఎదురు ఉచ్చు కూడా ఉంటుంది. ఎక్స్ 1, 2, 4, 8. వై 10, 13, 16, 19. కింద తేడాలు చక్కగా మూడేసి ఉన్నాయి, కానీ పైన అడుగులు 1, 2, 4. మూడుకు ఒకటి, మూడుకు రెండు, మూడుకు నాలుగు. ఇది రేఖీయం కాదు. కింది వరుసను మాత్రమే చూసి తీర్పు చెప్పకండి.

ఆ భాగహారమే వాలు, సూత్రంలోని ఎమ్. వై లో మార్పును ఎక్స్ లో మార్పుతో భాగిస్తే వచ్చేది. వాలు అనగానే మీ మనసులో కొండ, ఏటవాలు బాట కదలాడుతున్నాయా? అవి కొంత సాయం చేస్తాయి, ఆ తర్వాత మోసం చేస్తాయి. ఒకసారి ఇద్దరు విద్యార్థులు నా దగ్గరకు తగాదాతో వచ్చారు. ఇద్దరికీ ఇచ్చింది 3ఎక్స్ + 2 నే. ఒకరు రెండు అక్షాల మీదా సెంటీమీటరుకు ఒక ప్రమాణం చొప్పున తీసుకున్నారు. ఇంకొకరు కాగితం చాలదని వై అక్షం మీద సెంటీమీటరుకు ఐదు ప్రమాణాలు తీసుకున్నారు. మొదటి గీత కోణమానితో కొలిస్తే సుమారు 72 డిగ్రీలు, నిటారుగా నిచ్చెన వేసినట్టుంది. రెండోది 31 డిగ్రీలు, తీరిగ్గా ఎక్కే బాటలా ఉంది. ‘వాలు అంటే కోణానికి టాన్ విలువ కదా సార్, ఇద్దరిలో ఎవరిది తప్పు?’ అన్నారు.

ఎవరిదీ తప్పు కాదు. వాలు అంటే టాన్ (లంబకోణ త్రిభుజంలో కోణానికి ఎదుటి భుజాన్ని పక్క భుజంతో భాగిస్తే వచ్చేది) అన్న మాట రెండు అక్షాల మీదా ఒకే కొలత వాడినప్పుడే నిజం. రెండో కాగితం మీద 31 డిగ్రీల టాన్ కడితే 0.6 వస్తుంది, అది మూడులో ఐదో వంతు, వై అక్షాన్ని ఐదు రెట్లు అణచివేసినందుకు. బొమ్మలోని కోణం కాగితానికి చెందినది. వాలు ప్రమేయానికి చెందినది. పత్రికల్లో గ్రాఫులు చూసేటప్పుడు కూడా ఇది గుర్తు పెట్టుకోండి. నిటారుగా లేచిన గీతను చూసి గాభరా పడేముందు అక్షం మీది అంకెలు చదవాలి.

ఇంకో సంగతి, వాలుకు ప్రమాణాలు ఉంటాయి. ఎక్స్ గంటల్లో, వై సెంటీమీటర్లలో ఉంటే వాలు ‘గంటకు ఇన్ని సెంటీమీటర్లు’. గంటలను నిమిషాలు చేస్తే అదే ప్రమేయానికి వాలు అంకె అరవయ్యో వంతు అవుతుంది. వాలును ఉత్త అంకెగా కాకుండా ‘దేనికి ఎంత చొప్పున’ అని చదవడం అలవాటు చేసుకుంటే మాటల లెక్కలకు సగం తాళం తెరుచుకుంటుంది.

సమానమైన అడుగులు సరళరేఖనే ఎందుకు ఇస్తాయి? చిన్న వివరణ చాలు. ఆ బిందువుల్లో ఏ రెండింటిని తీసుకున్నా వాటి మధ్య అడ్డంగా, నిలువుగా గీతలు గీస్తే ఒక లంబకోణ త్రిభుజం వస్తుంది. నిలువు భుజానికీ అడ్డ భుజానికీ నిష్పత్తి ప్రతి త్రిభుజంలోనూ ఒకటే కాబట్టి అవన్నీ సరూప త్రిభుజాలు. సరూపమైతే కోణాలు సమానం. అంటే మొదటి బిందువు నుంచి ఏ బిందువు వైపు చూసినా దిశ ఒకటే. ఒకే దిశలో ఉన్నవన్నీ ఒకే గీత మీద ఉండక తప్పదు.

మాటల లెక్క ఒకటి నిదానంగా చేద్దాం. ఒక కొవ్వొత్తి ఒకే వేగంతో కాలుతోంది. వెలిగించిన 2 గంటలకు దాని ఎత్తు 19 సెంటీమీటర్లు, 5 గంటలకు 14.5 సెంటీమీటర్లు. మొదట ఎంత ఎత్తుంది? ఎప్పటికి పూర్తిగా కాలిపోతుంది?

దీన్ని చూడగానే చాలామంది వాలు సూత్రం రాసి, వై1, వై2, ఎక్స్1, ఎక్స్2 అని పేర్లు పెట్టి, ఏది ఎక్కడ వేయాలో తికమకపడి, ఆఖరికి గుర్తు తారుమారు చేస్తారు. మీరు పేర్లేవీ పెట్టకండి. తేడాలు అడగండి. ఎంత సమయం గడిచింది? మూడు గంటలు. ఎత్తు ఎంత మారింది? 4.5 సెంటీమీటర్లు తగ్గింది. గంటకు ఎంత చొప్పున? 1.5 చొప్పున తగ్గింది. ‘తగ్గింది’ అన్న మాటే రుణ గుర్తు, దాన్ని వేరే ఎక్కడా వెతకనక్కర్లేదు. వాలు మైనస్ 1.5. మొదటి ఎత్తు కావాలా? రెండు గంటల దగ్గర నిలబడి వెనక్కి నడవండి. వెనక్కి నడిస్తే కాలిన మైనం తిరిగి వస్తుంది. రెండు గంటలకు 3 సెంటీమీటర్లు, 19 కి కలిపితే 22. అదే స్థిరపదం, సూత్రంలోని సి. ఇప్పుడు మాత్రమే రాయండి: ఎత్తు = 22 − 1.5 × గంటలు. సరిచూడండి, 5 గంటలకు 22 − 7.5 = 14.5, కుదిరింది. పూర్తిగా కాలిపోవడం అంటే ఎత్తు సున్నా కావడం. 22 లో 1.5 లు ఎన్ని? పద్నాలుగు, ఇంకా మూడింట రెండు వంతులు. అంటే 14 గంటల 40 నిమిషాలు.

సూత్రం ఆఖరున వచ్చింది, గమనించారా? అప్పటికి లెక్క దాదాపు అయిపోయింది. సూత్రం మనం కనుక్కున్నదాన్ని దాచుకునే పెట్టె. మొదటే పెట్టె తెరిచి అందులో ఏమీ లేదని కంగారు పడటమే మాటల లెక్కల భయం.

సూత్రం రాసేశాక దానికి హద్దు కూడా రాయాలి. 22 − 1.5 × గంటలు అనే రాతకు సిగ్గూ ఎగ్గూ లేవు. 20 గంటలు వేస్తే మైనస్ 8 సెంటీమీటర్ల కొవ్వొత్తిని కూడా ఇచ్చేస్తుంది. వెలిగించడానికి గంట ముందు అని మైనస్ 1 వేస్తే 23.5 అంటుంది, కొనేటప్పటి కన్నా పొడవైన కొవ్వొత్తి! ఈ ప్రమేయం నిజమయ్యేది 0 నుంచి 14 గంటల 40 నిమిషాల వరకే. దాన్నే ప్రదేశం అంటారు. పుస్తకాల్లో ప్రదేశం, వ్యాప్తి అని నిర్వచనాలు చదివి విసుగెత్తి ఉంటారు, కానీ నిజమైన వస్తువు మీద లెక్క కట్టినప్పుడు అవి ఎందుకున్నాయో అప్పటికప్పుడు తెలుస్తుంది.

మాటల లెక్కల్లో కొన్ని పదాలు చేయి పట్టుకుని దారి చూపిస్తాయి. ‘చొప్పున’, ‘ప్రతి’, ‘ఒక్కొక్క’ అన్నవి వాలును సూచిస్తాయి. ‘మొదట’, ‘అప్పటికే’, ‘ముందుగా ఉన్న’ అన్నవి స్థిరపదాన్ని. ‘చొప్పున’ అనే మాట నాకు భలే ఇష్టం. భాగహారం, ప్రమాణం, సమానత్వం మూడూ అందులోనే ఇమిడి ఉన్నాయి. కానీ గుడ్డిగా నమ్మకండి. ‘ఏటా 5 శాతం చొప్పున పెరుగుతుంది’ అన్నదాంట్లో కూడా చొప్పున ఉంది, అది మాత్రం రేఖీయం కాదు. 1000 తో మొదలుపెడితే మొదటి ఏడు 50 పెరిగి 1050 అవుతుంది, రెండో ఏడు 52.5 పెరిగి 1102.5 అవుతుంది. శాతం ఎప్పటికప్పుడు ఉన్నదాని మీద లెక్క కాబట్టి అడుగు పెద్దదవుతూ పోతుంది. ఇక్కడ సమానంగా ఉండేది తేడా కాదు, నిష్పత్తి. అది ఘాతీయ ప్రమేయం, దానిది వేరే ఇల్లు.

మీరు అడగకపోయినా ఎదురయ్యే రెండు చిన్న ప్రశ్నలు. ఎక్స్ = 3 అనే నిలువు గీత రేఖీయ సమీకరణమే, కానీ ప్రమేయం కాదు. ఎక్స్ 3 అని చెబితే వై ఏమిటో ఒక్క సమాధానం లేదు, ఎన్నెన్నో ఉన్నాయి. వాలు కట్టబోతే సున్నాతో భాగించాల్సి వస్తుంది, కాబట్టి వాలు లేదు. వై = 5 అనే అడ్డ గీతకు వాలు ఉంది, అది సున్నా. ‘వాలు లేదు’, ‘వాలు సున్నా’ రెండూ ఒకటి కావు. ఆ అడ్డ గీతను రేఖీయం అనాలా వద్దా అన్నది ఆయా పుస్తకాల ఇష్టం. దాని గీత సరళరేఖే గానీ ఘాతం ఒకటి కాదు, సున్నా.

ఇప్పుడు మీ రెండు పుస్తకాల తగవు. పాఠశాల పుస్తకం బొమ్మను చూసి పేరు పెట్టింది. గీత సరళరేఖ అయితే ప్రమేయం రేఖీయం. పై చదువుల పుస్తకం ప్రవర్తనను చూసి పేరు పెట్టింది. అది రెండు పరీక్షలు పెడుతుంది. రెండు సంఖ్యలను కలిపి ప్రమేయంలోకి పంపినా, విడివిడిగా పంపి బయట కలిపినా ఒకటే రావాలి. ఒక సంఖ్యను ఎన్ని రెట్లు చేసి పంపితే ఫలితమూ అన్ని రెట్లే కావాలి. 3ఎక్స్ ను పరీక్షించండి. 1 కి 3, 2 కి 6, మొత్తం 9. కలిపి 3 పంపినా 9. నెగ్గింది. 3ఎక్స్ + 2 ను పరీక్షించండి. 1 కి 5, 2 కి 8, మొత్తం 13. కలిపి 3 పంపితే 11. ఓడింది, సరిగ్గా 2 తేడాతో. తరగతిలో 34 కూ 32 కూ మధ్య వచ్చిన తేడా ఇదే. స్థిరపదం రెండుసార్లు లెక్కలోకి రావడం.

మొదటి పరీక్షను కోషీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 1821 లో లోతుగా పరిశీలించాడు. గీత ఎక్కడా తెగని, అంటే అవిచ్ఛిన్నమైన ప్రమేయాల్లో ఆ పరీక్ష నెగ్గేవి మూలబిందువు గుండా పోయే సరళరేఖలు మాత్రమేనని తేల్చాడు. అందుకే సదిశలు, మాత్రికలు చదివేచోట ఆ రకం వాటికే రేఖీయం అన్న పేరు ఉంచుకుని, స్థిరపదం ఉన్నవాటిని ఎఫైన్ ప్రమేయాలు అంటారు. పేర్ల గొడవే, అంతకు మించి ఏమీ లేదు. పాఠశాల అర్థంలో వాడేటప్పుడు నేను ‘ఏకఘాత ప్రమేయం’ అంటుంటాను, తగవు రాదు. అయితే ఆ రెండు ఇళ్ల మధ్య గోడ చాలా పలచన. 3ఎక్స్ + 2 లో విలువలు పరీక్ష ఓడినా, తేడాలు నెగ్గుతాయి. ఎక్స్‌లో మార్పులను కలిపి పంపినా విడిగా పంపినా వై లో మార్పు ఒకటే. 2 అన్నది మొత్తం గీతను పైకి ఎత్తి పెట్టిందే గానీ నడకను మార్చలేదు.

ఇంత సాదా ప్రమేయం మీద ఇంత సమయం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. ప్రపంచంలో నూటికి నూరుపాళ్లు రేఖీయంగా ఉండేవి తక్కువే. స్ప్రింగును లాగితే సాగే పొడవు లాగిన బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678 లో ప్రకటించాడు, కానీ అది కూడా ఒక హద్దు వరకే. ఆ హద్దు దాటి లాగితే స్ప్రింగు పాడవుతుంది, లెక్క తప్పుతుంది. అయినా వంకర గీతల్ని అర్థం చేసుకోవడానికి మనకున్న మొదటి పనిముట్టు సరళరేఖే. ఒకటి చేసి చూడండి. వర్గం చేసే ప్రమేయం రేఖీయం కాదు. 1, 4, 9, 16 ల మధ్య తేడాలు 3, 5, 7. కానీ 3 కు బాగా దగ్గరగా వెళ్లి నిలబడండి. 3 వర్గం 9. 3.01 వర్గం 9.0601. 3.02 వర్గం 9.1204. తేడాలు 0.0601, 0.0603. దాదాపు సమానం! దగ్గర నుంచి చూస్తే ఈ వంపు గీత అడుగుకు ఆరు చొప్పున నడిచే సరళరేఖలా నటిస్తోంది. ఆ 6 ను పట్టుకోవడమే అవకలనం, ఆ రేఖే స్పర్శరేఖ. మీరు మున్ముందు కలన గణితం చదివితే, అక్కడ ప్రతి పేజీలోనూ ఈ పాత పరిచయస్తుడే వేరే చొక్కా తొడుక్కుని కనిపిస్తాడు.

సాధనకు ఒక్క లెక్క ఇస్తాను, చేసి చూడండి. పైన చెప్పిన 22 సెంటీమీటర్ల కొవ్వొత్తి పక్కనే 30 సెంటీమీటర్ల కొవ్వొత్తి ఇంకొకటి ఉంది. అది సన్నగా ఉండి గంటకు 2 సెంటీమీటర్ల చొప్పున కాలుతుంది. రెండింటినీ ఒకేసారి వెలిగించారు. ఎన్ని గంటలకు రెండూ ఒకే ఎత్తుకు వస్తాయి? తేడాల మీద వెళ్తే నోటి లెక్కే. మొదట 8 సెంటీమీటర్ల తేడా ఉంది, అది గంటకు అర సెంటీమీటరు చొప్పున తరుగుతుంది, కాబట్టి 16 గంటలు. సమీకరణం రాసినా 16 వస్తుంది. ఇప్పుడు 16 గంటల దగ్గర రెండు కొవ్వొత్తుల ఎత్తూ లెక్క కట్టి, ఈ ప్రశ్నకు మీరిచ్చే సమాధానం ఏమిటో కింద రాయండి.